నీళ్లలోని సీసానికి డిలీట్ బటన్ లేదు: పంజాగుట్ట నుంచి పటాన్‌చెరు దాకా

ఈ ఎపిసోడ్ కాస్త పెద్దది. మీలో చాలామంది మెట్రోలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటారని కామెంట్స్ చూస్తే తెలుస్తోంది. అందుకే కథలో సగం మెట్రో రెడ్ లైన్ మీదే నడుస్తుంది. పంజాగుట్టలో ఎక్కి, అమీర్‌పేట దాటి, మియాపూర్ చివర దిగి, అక్కడి నుంచి పటాన్‌చెరు వెళ్తాం. మిగతా సగం ఇంగ్లాండు పొలాల్లో, నెల్లూరు గనుల్లో, మన నల్లరేగడి మట్టిలో ఉంది.

టాపిక్ ఏంటంటే, నీళ్లలో కరిగిపోయిన సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ లాంటి విష లోహాలని పట్టుకునే పొరల పదార్థాలు. పేరు వినగానే స్క్రోల్ చేసి వెళ్లిపోకండి. ఈ పొరల కథ తెలిస్తే మన ఊరి చరిత్ర ఇంకోలా కనిపిస్తుంది.

పెన్ను చూపించేది, చూపించనిది

అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఉన్నవాళ్లకి ఈ సీన్ బాగా తెలుసు. వాటర్ ప్యూరిఫయర్ అమ్మే అబ్బాయి వస్తాడు. జేబులోంచి పెన్నులాంటి మీటర్ తీసి బోరు నీళ్లలో ముంచుతాడు. 800 అని వస్తుంది. తన మెషీన్ నీళ్లలో ముంచుతాడు. 40 అని వస్తుంది. "చూశారా సార్, తేడా" అంటాడు. డీల్ అయిపోయింది.

ఆ పెన్ను కొలిచేది టీడీఎస్. నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతోందో చూసి, దాన్నిబట్టి మొత్తం ఎంత ఉప్పు కరిగి ఉందో అంచనా వేస్తుంది. లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు అని చెబుతుంది. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీళ్లలో టీడీఎస్ 500 దాకా ఉండొచ్చు. వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు.

ఇప్పుడు అదే ప్రమాణంలో సీసం హద్దు చూడండి. లీటరుకి 0.01 మిల్లీగ్రాము. కాడ్మియం 0.003. పాదరసం 0.001. పెన్ను చివరి అంకె ఒక మిల్లీగ్రాము. అంటే సీసం హద్దు ఆ పెన్ను చూపించగలిగే అతి చిన్న తేడాలో నూరో వంతు. 20 లీటర్ల క్యాన్ మొత్తంలో హద్దు మేరకు సీసం ఉంటే అది 0.2 మిల్లీగ్రాము, అంటే ఒక్క పంచదార పలుకులో ఇంచుమించు మూడో వంతు బరువు. పెన్నుకి అది కనబడదు. 40 చూపించిన నీళ్లలో సీసం ఉండొచ్చు, 800 చూపించిన నీళ్లలో లేకపోవచ్చు.

ఆ అబ్బాయి మోసం చేశాడని నేను అనట్లేదు. ఆర్వో మెషీన్ మామూలు ఉప్పుతో పాటు సీసాన్ని కూడా చాలావరకు ఆపుతుంది. నా ప్రశ్న వేరే. ఆపిన సీసం ఎక్కడికి పోయింది? మెషీన్ వెనక సన్నటి పైపు ఒకటి సింకులోకి వేలాడుతూ ఉంటుంది చూడండి, అందులోంచి డ్రైనేజీలోకి పోయింది. ఈ ఎపిసోడ్ అంతా ఆ ఒక్క ప్రశ్నే. పట్టుకున్నది ఎక్కడికి పోయింది?

కట్ పేస్ట్ మాత్రమే

నేను వీడియోలకి రాకముందు సాఫ్ట్‌వేర్‌లో పని చేశాను కాబట్టి నాకు ఇలా చెప్పుకుంటే సులువు. నీళ్లలో బ్యాక్టీరియా ఉంటే మరిగించండి, చచ్చిపోతుంది. అది డిలీట్. పురుగుమందు లాంటి రసాయనమైతే ఎండకో వేడికో మందుకో దాని అణువు ముక్కలవుతుంది. అది కూడా ఎంతో కొంత డిలీటే.

సీసం మూలకం. దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసి వేరే పదార్థంగా మార్చడం వంటింట్లోనూ కుదరదు, ఫ్యాక్టరీలోనూ కుదరదు. నీళ్లు మరిగిస్తే ఆవిరి పైకి పోతుంది, సీసం గిన్నెలోనే మిగులుతుంది. నీళ్లు తగ్గాయి కాబట్టి ఇంకా చిక్కబడుతుంది. క్లోరిన్ కలిపినా అంతే. లోహాలకి ఉన్నది కట్, పేస్ట్ మాత్రమే. ఒక చోటి నుంచి తీస్తే ఇంకో చోట పెట్టి తీరాలి.

అంటించుకునే విద్య

నీళ్లు తేర్చడం మనవాళ్లకి కొత్త కాదు. చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపితే బురద అడుక్కి దిగుతుంది. సుశ్రుత సంహితలో కతకం అనే పేరుతో ఈ గింజ ప్రస్తావన ఉంది. పటిక తిప్పడం మన అమ్మమ్మలందరికీ తెలుసు. ఇసుక, బొగ్గు, గులకరాళ్లు పొరలు పొరలుగా వేసిన కుండల బొమ్మ స్కూల్ సైన్సులో మనమందరం గీసినదే. ఇసుక మడ్డిని ఆపుతుంది. బొగ్గు చేసేది వేరే పని.

1785లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో టోబియాస్ లోవిట్జ్ అనే కెమిస్ట్, గోధుమ రంగు తిరిగిన ద్రావణంలో బొగ్గుపొడి వేస్తే రంగు మాయమవడం గమనించాడు. రంగు బొగ్గు ఉపరితలానికి అతుక్కుపోయింది. దాదాపు వందేళ్ల తర్వాత, 1881లో, జర్మన్ శాస్త్రవేత్త హైన్రిచ్ కైజర్ ఈ అతుక్కోవడానికి అడ్సార్ప్షన్ అనే మాట వాడాడు. మన తెలుగు మీడియం ఇంటర్ పుస్తకాల్లో అధిశోషణం అంటారు. స్పాంజి నీళ్లని లోపలికి పీల్చుకుంటే అది శోషణం. గోడకి పోస్టర్ అంటుకుంటే అది అధిశోషణం.

ఈ పోస్టర్ ఉదాహరణ అమీర్‌పేటలో తిరిగినవాళ్లకి ఇట్టే ఎక్కుతుంది. మైత్రీవనం చుట్టుపక్కల గోడలు, కరెంటు స్తంభాలు గుర్తు తెచ్చుకోండి. జావా, డాట్‌నెట్, పైథాన్, ఇప్పుడు ఏఐ. గోడ ఎంత పెద్దదో అన్నే పోస్టర్లు పడతాయి. గోడ నిండిపోయాక కొత్త పోస్టర్ కావాలంటే పాతది పీకాలి. ఎక్కువ గోడ కావాలంటే ఎక్కువ అంతస్తులు కట్టాలి. ఈ మూడు సూత్రాలు గుర్తుంచుకోండి, మిగతా కెమిస్ట్రీ అంతా వీటిమీదే నడుస్తుంది.

ఎరువు నీళ్లు పోస్తే సున్నం నీళ్లు వచ్చాయి

ఇప్పుడు 1845, ఇంగ్లాండులో యార్క్. థాంప్సన్ అనే భూస్వామికి ఒక సందేహం వచ్చింది. పొలంలో వేసిన ఎరువు వానకి కొట్టుకుపోవాలి కదా, మరి మట్టి దాన్ని ఎలా పట్టి ఉంచుతోంది? జోసెఫ్ స్పెన్స్ అనే మందుల దుకాణం ఆయన సాయంతో ఒక గొట్టంలో మట్టి నింపి, పైనుంచి అమ్మోనియం సల్ఫేట్ కలిపిన నీళ్లు పోయించాడు. కింద నుంచి వచ్చినవి వేరే నీళ్లు. అమ్మోనియా లోపలే ఉండిపోయింది, దాని బదులు కాల్షియం బయటికి వచ్చింది.

రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ కెమిస్ట్ జాన్ థామస్ వే ఆ ప్రయోగాన్ని పట్టుకుని వరసగా పరీక్షలు చేశాడు. థాంప్సన్, వే ఇద్దరి పేపర్లూ 1850లో అచ్చయ్యాయి. వే తేల్చింది ఇదీ: ఈ పని చేస్తున్నది మట్టిలోని బంకమన్ను. అది ఒకటి వదిలి ఇంకొకటి తీసుకుంటోంది. లెక్క సరిగ్గా సరిపోతోంది. పాత పోస్టర్ పీకి కొత్త పోస్టర్ అంటించడం అన్నమాట. దీన్నే ఇప్పుడు అయాన్ మార్పిడి అంటాం.

ఎరువు కోసం మొదలైన ఈ ప్రశ్నే తర్వాత విషాలని పట్టుకునే విద్యకి పునాది అయింది. మట్టికి ఎరువుకీ విషానికీ తేడా తెలీదు. పాజిటివ్ చార్జ్ ఉన్న ఏ అయాన్ వచ్చినా చోటిస్తుంది. ఈ మాట కూడా గుర్తుంచుకోండి, పటాన్‌చెరులో మళ్లీ అవసరం పడుతుంది.

కాకిబంగారం లోపల

బంకమన్ను ఎందుకిలా చేస్తుందో 80 ఏళ్ల దాకా సరిగ్గా తెలీలేదు. 1930లో లైనస్ పౌలింగ్ ఎక్స్-రేలతో అభ్రకం నిర్మాణాన్ని విప్పి చూపించాడు. అభ్రకం అంటే మైకా, మన పల్లెల్లో కాకిబంగారం. గోటితో గీకితే రేకులు రేకులుగా ఊడి వస్తుంది కదా. ఆ రేకు కూడా ఇంకా సన్నటి రేకుల కట్ట. ఒక్కో రేకు మందం ఒక నానోమీటరు, అంటే మీటరులో వంద కోట్లో వంతు. రెండు రేకుల మధ్య పొటాషియం అయాన్లు జిగురులా ఉంటాయి. రేకులకి నెగటివ్ చార్జ్, పొటాషియంకి పాజిటివ్ చార్జ్, అందుకే అంత గట్టిగా పట్టి ఉంటుంది.

వేల ఏళ్లు వానకీ ఎండకీ నానితే ఆ పొటాషియం మెల్లగా కడిగేసుకుపోతుంది. దాని చోట్లోకి నీళ్లు, మెగ్నీషియం వస్తాయి. రేకుల మధ్య సందు పెరుగుతుంది. అలా మారినదాని పేరు వర్మిక్యులైట్. నెల్లూరు జిల్లా గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనులకి ఎంత పేరుందో మీకు తెలుసు. వర్మిక్యులైట్ కూడా ఆ జిల్లాలో దొరుకుతుంది. మీ మేడమీద కుండీల్లో వేసే తేలికపాటి బంగారు రంగు రవ్వలు ఉంటాయే, అదే, వేడి చేసి ఉబ్బించినది.

ఇప్పుడు సీసం కలిసిన నీళ్లు ఈ రేకుల మధ్యకి వెళ్లాయనుకోండి. సీసం అయాన్ పాజిటివ్. మెగ్నీషియం బయటికి, సీసం లోపలికి. సీజియం లాంటివైతే రేకుల అంచుల్లో ఇరుక్కుని దాదాపు బయటికే రావు. 2011 ఫుకుషిమా ప్రమాదం తర్వాత అక్కడి నేలలో రేడియోధార్మిక సీజియం ఎక్కువగా ఇలాంటి పొరల ఖనిజాల్లోనే చిక్కుకుని కనిపించింది.

మరి గోడ ఎంత పెద్దది? హైదరాబాద్ లెక్కలో గజాల్లో చెప్తాను. ఈ కుటుంబంలోదే మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమన్ను. ఒక్క గ్రాము తీసుకుని దాని రేకులన్నీ విడదీసి పరిస్తే సుమారు 750 చదరపు మీటర్లు వస్తుంది. దాదాపు 900 గజాలు. అంటే చిటికెడు మట్టిలో నాలుగు 200 గజాల ప్లాట్లు, ఇంకా కాస్త మిగులు. ఆ మాంట్‌మొరిల్లొనైట్ ఎక్కువగా ఉండే మట్టి మనకి బాగా తెలిసినదే. నల్లరేగడి. వానాకాలం ఉబ్బి, ఎండాకాలం కాలు దిగబడేంత పగుళ్లిచ్చే ఆ నేల అలా చేసేది ఈ పొరల మధ్యకి నీళ్లు దూరి, మళ్లీ బయటికి వెళ్లడం వల్లే.

ఆర్సెనిక్ తిరగబడింది

అన్ని విషాలూ ఈ గోడకి అంటుకోవు. నీళ్లలో ఆర్సెనిక్ తరచూ ఆర్సెనేట్ రూపంలో ఉంటుంది. దాని చార్జ్ నెగటివ్. నెగటివ్ గోడ దాన్ని తోసేస్తుంది. దానికి పాజిటివ్ పొరలు కావాలి. అలాంటివి ప్రకృతిలో అరుదు. 1842లో నార్వే ఖనిజం ఒకటి హైడ్రోటాల్సైట్ అనే పేరుతో రికార్డయింది. అందులో మెగ్నీషియం ఉండాల్సిన కొన్ని చోట్ల అల్యూమినియం ఉండి, పొర మొత్తానికి పాజిటివ్ చార్జ్ వస్తుంది. ఇప్పుడు ఇలాంటివాటిని ల్యాబుల్లో తయారు చేస్తారు. ఇనుము తుప్పు కూడా ఆర్సెనిక్‌ని బాగా పట్టుకుంటుంది.

ఇది ఎంత అవసరమో బెంగాల్ చూపించింది. చెరువు నీళ్ల రోగాల నుంచి తప్పించడానికి 1970ల నుంచి బంగ్లాదేశ్‌లో లక్షల చేతి పంపులు వేశారు. ఉద్దేశం మంచిదే, కానీ కింద నేలలోనే ఆర్సెనిక్ ఉంది. 1983లో కలకత్తా చర్మ వైద్యుడు కె.సి. సాహా పశ్చిమ బెంగాల్ రోగుల చర్మం మీది మచ్చలని చూసి ఆర్సెనిక్ విషమని గుర్తించాడు. 1993లో బంగ్లాదేశ్‌లోనూ బయటపడింది. తర్వాత అమెరికాలో పని చేస్తున్న బంగ్లాదేశ్ కెమిస్ట్ అబుల్ హుస్సామ్ రెండు బకెట్లతో సోనో ఫిల్టర్ చేశాడు. ఇసుక, ఇనుము, మళ్లీ ఇసుక, ఇటుక ముక్కలు, కింది బకెట్లో బొగ్గు. కరెంటు అక్కర్లేదు. 2007లో దానికి పది లక్షల డాలర్ల గ్రేంజర్ బహుమతి వచ్చింది. మన స్కూల్ బొమ్మలోని పొరల కుండలే, ఏ పొర ఏది పట్టుకోవాలో తెలిసి పేర్చారు.

ఇంకా కొత్తవి వస్తూనే ఉన్నాయి. 2011లో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్లు ఎంక్సీన్ అనే పలచటి పొరల పదార్థాలు తయారు చేశారు. సీసాన్ని పట్టుకోవడంలో అవి బాగా పని చేస్తున్నట్టు ఆ తర్వాత పేపర్లు వచ్చాయి. ఈ వరసంతా చూస్తే గోడలు పెద్దవవుతున్నాయి, తెలివైనవవుతున్నాయి. నిండిన గోడని ఏం చెయ్యాలన్న ప్రశ్న మాత్రం 1850లో ఎక్కడుందో ఇప్పటికీ అక్కడే ఉంది.

రెడ్ లైన్ ఎక్కుదాం

ఇక హైదరాబాద్. పంజాగుట్ట స్టేషన్లో ఎక్కాం. కాస్త దూరంలోనే హుస్సేన్ సాగర్. 1560ల్లో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో తవ్విన చెరువు. ఒకప్పుడు ఊరికి తాగునీళ్లు ఇచ్చింది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాక ఆ పని తగ్గింది. తాగడం మానేశాక చెరువులోకి ఏం వస్తోందో పట్టించుకునేవాళ్లు కూడా తగ్గారు.

అమీర్‌పేట దాటి, ఎస్సార్ నగర్, ఈఎస్ఐ, ఎర్రగడ్డ. ఈ లైన్‌కి కుడి పక్కన సనత్‌నగర్ పారిశ్రామిక వాడ. తర్వాత భరత్‌నగర్, మూసాపేట, బాలానగర్. 1961లో పుట్టిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్, సోవియట్ సాయంతో తన సింథటిక్ డ్రగ్స్ ప్లాంటుని ఇక్కడే కట్టింది. హైదరాబాద్ మందుల పరిశ్రమకి అదే బడి. అక్కడ పని చేసిన కె. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆ కంపెనీ ఆఫీసు చాలా ఏళ్లు అమీర్‌పేటలోనే ఉండేది. కోచింగ్ సెంటర్ల అమీర్‌పేటకి ముందు మందుల అమీర్‌పేట ఒకటుందని మనలో ఎంతమందికి తెలుసు?

ఈ వాడల పక్క నుంచే కూకట్‌పల్లి నాలా పోతుంది. అది చేరేది హుస్సేన్ సాగర్. ఫ్యాక్టరీ నీళ్లు, ఇళ్ల మురుగు, ఏటా వినాయకుడి విగ్రహాల రంగులు, అన్నీ కలిసి చెరువు అడుగు బురదలో చేరాయి. తర్వాతి కాలంలో నాలా నీళ్లు చెరువులోకి రాకుండా మళ్లించే పనులు జరిగాయి. మళ్లించడం అంటే ఏంటో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. కట్, పేస్ట్.

మియాపూర్‌లో దిగి హైవే మీద ముందుకెళ్తే పటాన్‌చెరు. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం వైపు కొత్త పారిశ్రామిక వాడలు పెరిగాయి. ఊరికి దూరం, మెదక్ జిల్లా వెనకబడిన ప్రాంతం, ఉద్యోగాలు వస్తాయి అన్నారు. ఉద్యోగాలు వచ్చాయి కూడా. వాటితో పాటు ఫ్యాక్టరీల నీళ్లు నక్కవాగులోకి వచ్చాయి. నక్కవాగు పోయి మంజీరలో కలుస్తుంది, మంజీర గోదావరిలో కలుస్తుంది.

నల్లరేగడి చేసిన పని

ఇక్కడ నన్ను ఆపేసిన విషయం చెప్తాను. పటాన్‌చెరు పక్కనే 1972లో ఇక్రిశాట్ వచ్చింది, మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ. ఆ క్యాంపస్‌లో నల్లరేగడి, ఎర్రనేల రెండూ ఉన్నాయి. రెండింటి మీదా పరిశోధనలు చేశారు. ఆ నల్లరేగడే నక్కవాగు పరిసరాల్లోనూ ఉంది. గ్రాముకి వందల గజాల గోడ ఉన్న మట్టి. థాంప్సన్, వే చెప్పిన మట్టి.

రైతు ఆ వాగు నీళ్లు పొలానికి పెట్టాడు. పెట్టడానికి వేరే నీళ్లు లేవు. మట్టి తన పని తాను చేసింది. కాల్షియం వదిలి లోహాలని పట్టుకుంది. శాస్త్రవేత్తలు ల్యాబులో కష్టపడి తయారు చేసే ఫిల్టర్ అక్కడ ఎకరాలకి ఎకరాలు పరిచి ఉంది. దాని మీద వరి పండుతోంది, గేదెలు మేస్తున్నాయి.

2001లో హబ్సిగూడ దగ్గరున్న ఎన్జీఆర్ఐ శాస్త్రవేత్తలు గోవిల్, రెడ్డి, కృష్ణ పటాన్‌చెరు మట్టి మీద పేపర్ ప్రచురించారు. క్రోమియం, ఆర్సెనిక్, కాడ్మియం లాంటివి ఆ నేలలో పేరుకున్నట్టు అందులో ఉంది. పేరుకోవడం అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. నీళ్లు పారిపోతాయి. పట్టుకున్న మట్టి ఎక్కడికీ పోదు. ఫ్యాక్టరీ మూతపడినా, యజమాని మారినా, అది అక్కడే ఉంటుంది. నగరానికి ఫిల్టర్‌గా పని చేసింది ఆ రైతు పొలం. ఎవరూ అతన్ని అడగలేదు, కరెంటు బిల్లు కట్టలేదు, కార్ట్రిడ్జ్ మార్చలేదు.

ఊళ్లు ఊరుకోలేదు. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసే డాక్టర్ ఎ. కిషన్ రావు లాంటివాళ్లు 1980ల నుంచి దీని మీద పోరాడారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది. రైతులకి పరిహారం ఇవ్వాలని, ఊళ్లకి తాగునీళ్లు ఇవ్వాలని ఆదేశాలు వచ్చాయి. కేసు కోర్టులు మారుతూ 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ తీర్పు దాకా 27 ఏళ్లు నడిచింది. ఈ మధ్యలో, 2009లో, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక వాడలకి మార్కులు వేసింది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం. పటాన్‌చెరు-బొల్లారంకి 70.07. మన ఎంట్రన్స్ భాషలో చెప్పాలంటే కటాఫ్ మీద కూర్చుంది. ఇలాంటి మెరిట్ ఎవరికీ వద్దు.

ఫ్యాక్టరీల నీళ్లని ఒక చోట చేర్చి శుభ్రం చేసే ఉమ్మడి ప్లాంటు పటాన్‌చెరులో వచ్చింది. ఆ శుద్ధి చేసిన నీళ్లు నక్కవాగులో పడకుండా సుమారు 18 కిలోమీటర్ల పైప్‌లైన్ వేసి నగర మురుగు లైన్‌కి కలిపారు. అది చేరేది అంబర్‌పేట ప్లాంటుకి, అక్కడి నుంచి మూసీకి. వాగు పక్క ఊళ్లకి అది ఊరటే, కాదనను. కానీ రూట్ చూడండి. బాలానగర్ వైపు నుంచి ఫ్యాక్టరీలు పటాన్‌చెరుకి వెళ్లాయి. పటాన్‌చెరు నీళ్లు తిరిగి నగరంలోకి వచ్చి, ఇంకో చివర మూసీలో తేలాయి. మూసీ కింద కూడా పొలాలున్నాయి, వాటికీ రైతులున్నారు.

మరి పొరలు వేసేస్తే సరిపోదా?

ఇంత మంచి పదార్థాలుండగా వాగుకి అడ్డంగా ఒక పెద్ద ఫిల్టర్ పెట్టేయొచ్చు కదా అని అడగొచ్చు. మూడు అడ్డంకులున్నాయి.

ఒకటి, పోటీ. నీళ్లలో సీసం చిటికెడు, కాల్షియం, మెగ్నీషియం దోసెళ్లకొద్దీ. మన బోరు నీళ్ల గట్టిదనం మీ బాత్‌రూమ్ బకెట్ అంచు తెల్లగా చూపిస్తుంది. పెద్ద ఇన్‌స్టిట్యూట్ వాళ్లు గోడంతా పోస్టర్లు కొట్టేస్తే చిన్నవాడికి చోటుండదు. పేపర్లో వచ్చే గొప్ప నంబర్లు చాలాసార్లు శుభ్రమైన ల్యాబు నీళ్లలో ఒక్క లోహం కలిపి కొలిచినవి. వాగు నీళ్లు అలా ఉండవు.

రెండు, కలగూరగంప. సీసానికి నెగటివ్ గోడ, ఆర్సెనేట్‌కి పాజిటివ్ గోడ. పులుపు, అంటే పీహెచ్ మారితే పట్టుకున్నది వదిలేయొచ్చు కూడా. పటాన్‌చెరులో లోహాలే కాదు, 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ని లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా చూశారు. అన్నీ ఒకే గంగలో కలిపాక విడదీయడం కష్టం. ఏ ఫ్యాక్టరీ గొట్టం దగ్గర ఏది వస్తోందో అక్కడే, కలవకముందే పట్టుకోవడం సులువు, చవక. పొరల పదార్థాలు బాగా పని చేసే చోటు అదే.

మూడు, మన పాత ప్రశ్న. గోడ నిండాక? ఉప్పునీళ్లతోనో ఆమ్లంతోనో కడిగి మళ్లీ వాడొచ్చు. కడిగిన నీళ్లలో సీసం చిక్కగా ఉంటుంది, దాని నుంచి లోహాన్ని తిరిగి తీసి వాడుకుంటే అది నిజమైన ముగింపు. లేకపోతే ప్రమాదకర వ్యర్థంగా పాతిపెట్టాలి. మనకి అలాంటి చోటు నగరానికి ఉత్తరాన దుండిగల్‌లో ఉంది. ఇలాంటి గోతుల అడుగున ఏం పరుస్తారో తెలుసా? ప్లాస్టిక్ షీటు, దాని కింద గట్టిగా దట్టించిన బంకమన్ను. మళ్లీ మట్టి పొరలే కాపలా. తేడా ఒక్కటే, అక్కడ ఏముందో రికార్డు ఉంటుంది, దాని మీద ఎవరూ వరి వెయ్యరు.

మన చేతిలో ఉన్నది

హాస్టల్ రూమ్ నుంచి నక్కవాగుని బాగు చెయ్యలేం, ఒప్పుకుంటాను. కొన్ని పనులు మాత్రం చెయ్యొచ్చు.

టీడీఎస్ నంబర్ చూసి లోహాల గురించి నిశ్చింతగా ఉండకండి, భయపడకండి కూడా. అనుమానముంటే గుర్తింపు ఉన్న ల్యాబులో సీసం, ఆర్సెనిక్ విడివిడిగా అడిగి టెస్ట్ చేయించండి. హాస్టల్లో 40 మంది తలా కొంత వేసుకుంటే పెద్ద భారం కాదు. సీసం బయటి నుంచే రావాలని లేదు. పాత పీవీసీ పైపుల్లో సీసం కలిపేవారు, దాన్ని ఆపే రూల్స్ మన దేశంలో 2021లో వచ్చాయి. మీ బిల్డింగ్ అంతకన్నా పాతదైతే, పొద్దున్న రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లని కాసేపు వదిలి, ఆ తర్వాతి నీళ్లు పట్టుకోండి. వదిలిన నీళ్లు బకెట్లో పట్టి ఫ్లోర్ కడగడానికి వాడండి.

మీ దగ్గర మున్సిపల్ నీళ్లే వస్తూ టీడీఎస్ 500 లోపు ఉంటే ఆర్వో నిజంగా కావాలా అని ఆలోచించండి. 2019లో హరిత ట్రిబ్యునల్ అలాంటి చోట్ల ఆర్వో వద్దని, వాడే చోట 60 శాతానికి పైగా నీళ్లు తిరిగి రాబట్టాలని చెప్పింది. ఇక కార్ట్రిడ్జ్ మార్చడానికి వచ్చిన మెకానిక్‌ని ఒక్క మాట అడగండి: "అన్నా, పాతది ఏం చేస్తారు?" చాలాసార్లు అది చెత్త బండి ఎక్కి జవహర్‌నగర్ డంపుకి పోతుంది. ఒక ఇంటి కార్ట్రిడ్జ్‌లో ఉండేది కొంచెమే. నగరమంతా కలిపితే కొంచెం కాదు.

మీలో కెమికల్, సివిల్, ఎన్విరాన్‌మెంట్ చదివేవాళ్లుంటే ఒక రిక్వెస్ట్. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో అడ్సార్బెంట్ తీసుకున్నప్పుడు "99 శాతం తొలగించాం" అనే స్లైడ్ తర్వాత ఇంకో స్లైడ్ పెట్టండి. తొలగించినది ఎక్కడ పెట్టాం, ఎన్నాళ్లు ఉంటుంది, పక్కన ఎవరున్నారు. ఎగ్జామినర్ అడగకపోయినా పెట్టండి. ఆ స్లైడ్ ఎవరూ వెయ్యలేదు కాబట్టే నక్కవాగు పక్క పొలాలు ఆ లెక్క మోశాయి.

తర్వాతి ఎపిసోడ్ నల్గొండ ఫ్లోరైడ్ మీద. అక్కడ విషం ఫ్యాక్టరీది కాదు, రాయిది. మీ ఊళ్లో వాగు, బోరు, ఫ్యాక్టరీ గొట్టం గురించి తెలిసిన విషయాలుంటే రాయండి, చదువుతాను. ఉంటాను మరి, నమస్తే.